శిక్షణ సొమ్ముకు చెల్లుచీటీ ఎవరిస్తారు?

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద శిక్షణ పొందినట్లు నమోదైన అభ్యర్థుల బ్యాంకు ఖాతాల వివరాలను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) బృందాలు తెరిచి చూస్తే కొన్నిచోట్ల వరుసగా ఒకట్లు కనిపించాయి. కొన్నిచోట్ల 123456 అని ఉంది. ఇంకొన్నిచోట్ల అంకెలకు బదులు పేర్లు, చిరునామాలు ఉన్నాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఈ నివేదిక ప్రకారం 95.90 లక్షల మంది అభ్యర్థుల్లో 94.53 శాతం మంది ఖాతా సంఖ్య ఉండవలసిన చోట సున్నాలో, ఖాళీయో, 'వర్తించదు' అన్న మాటో ఉంది. శిక్షణ పూర్తిచేసి ధ్రువపత్రం పొందిన వారికి నేరుగా ఖాతాలో జమ కావలసిన 500 రూపాయలు 34 లక్షల మందికి పైగా అందనే లేదు. ఖాతా సంఖ్యే లేనిచోట సొమ్ము ఎక్కడ జమ అవుతుందన్నది వేరే చెప్పనక్కరలేదు. స్వల్పకాలిక, ప్రత్యేక శిక్షణల్లో ధ్రువపత్రాలు పొందిన 56.14 లక్షల మందిలో ఉపాధి దొరికినది 23.18 లక్షల మందికి, అంటే 41 శాతానికి మాత్రమే.

నివేదిక వెలువడిన మరునాడు పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చాయి. ప్రతిపక్షాలు విమర్శించాయి, ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఆ తరువాత ఏమిటి? ఈ పద్దును ఆమోదిస్తున్నామనో, ఆమోదించడం లేదనో పార్లమెంటు సభ్యులు ఓటు వేసి చెప్పవలసిన రోజు ఏదైనా ఉన్నదా? మన పార్లమెంటరీ విధానంలో అటువంటి రోజు లేదు. ఖర్చుకు ముందు ఓటింగు ఉంది. ఖర్చయ్యాక తనిఖీ ఉంది, నివేదిక ఉంది, కమిటీ ఉంది. ఓటింగు మాత్రం లేదు.

పల్లెల్లో అప్పు తీర్చిన రైతు చెల్లుచీటీ చేతికి వచ్చేదాకా షావుకారు అరుగు దిగేవాడు కాదు. ఇచ్చిన సొమ్ము, ముట్టిన సొమ్ము, తేదీ, సంతకం అన్నీ ఉన్న ఆ చిన్న కాగితం లేకుంటే తీరిన బాకీ మళ్లీ లేచి కూర్చుంటుందని అతనికి తెలుసు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే శిక్షణ సంస్థలకు సరిగ్గా ఇటువంటి చెల్లుచీటీని ఏటా ఓటింగు ద్వారా ఇచ్చే, లేదా నిరాకరించే చట్టసభ ఒకటి ఉంది. అది ఐరోపా పార్లమెంటు.

ఓటు వేసి మూసే పద్దు

ఐరోపా సమాఖ్య సొమ్ముతో నడిచే స్వతంత్ర సంస్థలు అనేకం ఉండగా శిక్షణ రంగంలో ముఖ్యమైనవి మూడు. వృత్తివిద్య అభివృద్ధి కేంద్రం (సెడెఫాప్) 1975లో బెర్లిన్‌లో ఏర్పడి 1995లో గ్రీసులోని థెస్సలోనికికి తరలింది. 1990లో చేసిన చట్టం ద్వారా ఏర్పడి 1994లో పని ప్రారంభించిన ఐరోపా శిక్షణ ఫౌండేషన్ (ఈటీఎఫ్) ఇటలీలోని టురిన్‌లో ఉంది. బాల్కన్ దేశాలు, ఉక్రెయిన్, తుర్కియే, ఉత్తరాఫ్రికా, మధ్య ఆసియా వంటి ప్రాంతాల్లో వృత్తిశిక్షణ వ్యవస్థలను చక్కదిద్దేందుకు ఇది సలహాలు ఇస్తుంది. దీని వార్షిక బడ్జెట్ సుమారు 2 కోట్ల యూరోలు. మూడవది పోలీసు అధికారులకు శిక్షణ ఇచ్చే సెపోల్.

సమాఖ్య మొత్తం బడ్జెట్‌తో పోలిస్తే ఇవి సముద్రంలో కాకిరెట్టలు. అయినా వీటిలో ఒక్కొక్క దాని పద్దుపై విడివిడిగా ఓటింగు జరుగుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక సంస్థ తన తాత్కాలిక లెక్కలను, ఆపై తుది లెక్కలను సమర్పించాలి. లక్సెంబర్గ్‌లోని ఆడిటర్ల న్యాయస్థానం వాటిని పరిశీలించి, లెక్కలు నమ్మదగినవా, జరిపిన లావాదేవీలు నిబంధనల ప్రకారం ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలకు వేర్వేరుగా అభిప్రాయం చెబుతుంది. పేరుకు న్యాయస్థానమే అయినా అది శిక్షలు వేయదు, లెక్కలు మాత్రమే చూస్తుంది. ఆ అభిప్రాయంపై సభ్యదేశాల మంత్రుల మండలి తన సిఫార్సు పంపుతుంది. పార్లమెంటులోని బడ్జెట్ నియంత్రణ కమిటీ సంస్థకు ప్రశ్నావళి పంపి, అవసరమైతే డైరెక్టర్‌ను పిలిపించి, ముసాయిదా తీర్మానం తయారుచేస్తుంది. చివరకు మొత్తం సభ ఓటు వేస్తుంది. ఒక సంవత్సరపు పద్దు తేల్చేందుకు గడువు ఆపై రెండవ సంవత్సరం మే 15.

చెల్లుచీటీ సంస్థ పేరున కాక డైరెక్టర్ పేరున ఇవ్వడం ఇందులో గమనార్హం. బడ్జెట్ నిర్వహణకు బాధ్యుడు ఆయనే కనుక, 'ఫలానా సంవత్సరపు బడ్జెట్ అమలు విషయమై డైరెక్టర్‌ను బాధ్యత నుంచి విముక్తుడిని చేయడమైనది' అన్న అర్థంలో నిర్ణయం వెలువడుతుంది. దానితోపాటు లెక్కల మూసివేతపై మరొక నిర్ణయం, లోపాలను ఎత్తిచూపుతూ ఒక తీర్మానం ఉంటాయి. పాలకమండలి సభ్యుల అర్హతలు, వారి ప్రయోజనాల ప్రకటనలు వెబ్‌సైటులో పెట్టారా, టెండర్లలో పోటీ ఉన్నదా, ఖర్చుకాని నిధులను ఎంతమేరకు మరుసటి ఏడాదికి నెట్టారు వంటి చిన్నచిన్న ప్రశ్నలు కూడా ఆ తీర్మానంలో చోటు చేసుకుంటాయి. గత ఏడాది చెప్పిన లోపాన్ని సరిదిద్దలేదంటే ఈ ఏడాది తీర్మానంలో అది మళ్లీ కనిపిస్తుంది.

ఈటీఎఫ్ వంటి సంస్థలకు ఈ తంతు దాదాపు ఏటా సాఫీగానే జరిగిపోతుంది. సాఫీగా జరిగేదాన్ని చూస్తే ఈ ఓటుకు ఉన్న పదును అర్థం కాదు. సెపోల్ వ్యవహారం చూడాలి.

పోలీసు బళ్లో లెక్క తప్పింది

సభ్యదేశాల పోలీసు కళాశాలల మధ్య సమన్వయం కోసం 2000 సంవత్సరంలో సెపోల్‌కు పునాది పడింది. 2006 జనవరి 1 నుంచి అది సమాఖ్య సొమ్ముతో నడిచే పూర్తిస్థాయి సంస్థ అయింది. ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో బ్రామ్‌షిల్ అనే పాత భవంతి ఆవరణలో దాని కార్యాలయం. పాఠాలు చెప్పేది ప్రధానంగా వేర్వేరు దేశాల పోలీసు కళాశాలలు. అక్కడ జరిగిన కోర్సుల ఖర్చును సెపోల్ తిరిగి చెల్లిస్తుంది. అంటే అసలు ఖర్చు ఒకచోట, బిల్లు మరొకచోట. మన జిల్లాల్లో శిక్షణ కేంద్రాలను ప్రైవేటు భాగస్వాములకు అప్పగించి, రాజధానిలో బిల్లులు చెల్లించే పద్ధతితో పరిచయం ఉన్నవారికి ఇటువంటి ఏర్పాటులో ఎక్కడ బెజ్జం పడుతుందో చెప్పనక్కరలేదు.

అక్కడా సరిగ్గా అక్కడే పడింది. తొలి సంవత్సరం నుంచే ఆడిటర్లు కొనుగోళ్ల నిబంధనలు పాటించలేదని తప్పుపట్టారు. 2007 లెక్కలను పరిశీలించినప్పుడు సంస్థ సొమ్మును సిబ్బంది సొంత ఖర్చులకు వాడిన ఉదంతాలు బయటపడ్డాయి. 2008 లెక్కల్లో కోర్సుల ఖర్చు చెల్లింపులు నిబంధనల మేరకు లేవని తేలింది. ఖర్చుకాని నిధులను పెద్దయెత్తున మరుసటి ఏడాదికి నెట్టడమూ ఆనవాయితీగా మారింది. ఇవేవీ వేల కోట్ల కుంభకోణాలు కావు. సంస్థ బడ్జెట్టే కోటి యూరోలలోపు. మన లెక్కల్లో ఒక నియోజకవర్గ కేంద్రంలో వంతెన కట్టే ఖర్చుకు కాస్త అటూఇటూగా ఉంటుంది.

అయినా ఐరోపా పార్లమెంటు 2010 మే నెలలో చెల్లుచీటీ ఇవ్వకుండా వాయిదా వేసింది. వివరణలు కోరింది. వచ్చిన వివరణలతో సంతృప్తి చెందక అదే సంవత్సరం అక్టోబరు 7న సెపోల్ 2008 పద్దుకు ఆమోదాన్ని నిరాకరించింది. లెక్క ముగిసిన 21 నెలలకు చట్టసభ తన మాట తేల్చిచెప్పిందన్నమాట.

అప్పటికే పాత డైరెక్టర్ పదవీకాలం ముగిసి 2010 ఫిబ్రవరిలో కొత్త డైరెక్టర్ వచ్చారు. 2008తో ఏ సంబంధమూ లేని ఆయనే నిరాకరణ పత్రం అందుకోవలసి వచ్చింది. పాత కరణం రాసిన లెక్కకు కొత్త కరణం జవాబు చెప్పినట్లు. ఇది అన్యాయంగా కనిపించవచ్చు గానీ, అధికారి మారాడు గనుక బాధ్యత కూడా మారిపోయిందనే సాకుకు ఈ పద్ధతిలో తావు లేదు. బాధ్యత మనిషిది కాదు, కుర్చీది. మన కార్యాలయాల్లో 'అప్పుడు నేను లేను' అన్న ఒక్క మాటతో ఎన్ని ఫైళ్లు అటకెక్కాయో లెక్క తీస్తే అదొక ప్రత్యేక నివేదిక అవుతుంది.

నిరాకరణ తరువాత సెపోల్ కార్యాచరణ ప్రణాళికతో ముందుకు రావలసి వచ్చింది. చెల్లింపులు, కొనుగోళ్ల పద్ధతులను సరిచేసుకున్నది. 2009 పద్దుపై కూడా పార్లమెంటు తొలుత వాయిదా వేసి, మెరుగుదల కనిపించాక 2011 అక్టోబరులో ఆమోదించింది. అసలు ఈ సంస్థ విడిగా ఉండాలా అన్న ప్రశ్న కూడా ఈ సందర్భంలోనే గట్టిగా వినిపించింది. హేగ్‌లోని యూరోపోల్‌లో కలిపివేయాలని 2013లో ఐరోపా కమిషన్ ప్రతిపాదించగా అందుకు మద్దతు లభించలేదు. బ్రామ్‌షిల్ ఆవరణను వదిలించుకోవాలని బ్రిటన్ నిర్ణయించడంతో 2014లో సంస్థ హంగరీ రాజధాని బుడాపెస్టుకు మారింది.

శిక్షణ పద్దే కూల్చిన కమిషన్

చిన్న సంస్థ కనుక పార్లమెంటు కొరడా ఝళిపించిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇదే ఓటు 1998లో ఏకంగా ఐరోపా కమిషన్‌పైనే పడింది. 1996 పద్దుకు ఆమోదం ఇచ్చేందుకు పార్లమెంటు ఆ ఏడాది డిసెంబరులో నిరాకరించింది. తదుపరి నియమించిన స్వతంత్ర నిపుణుల కమిటీ దర్యాప్తు చేసిన వాటిలో 'లియొనార్డో డావిన్చి' పేరిట సాగిన వృత్తిశిక్షణ పథకం ఒకటి. పథకం నిర్వహణను బయటి సంస్థకు అప్పగించడంలో, దానిపై పర్యవేక్షణలో తీవ్రమైన లోపాలున్నాయని కమిటీ తేల్చింది. శిక్షణ, పరిశోధన వ్యవహారాలు చూసిన కమిషనర్, ఫ్రాన్స్ మాజీ ప్రధాని ఎడిత్ క్రెసాన్ తాను మేయరుగా ఉన్న పట్టణానికి చెందిన పరిచయస్థుడైన దంతవైద్యుడిని శాస్త్రవేత్త హోదాలో నియమించుకున్న ఉదంతమూ ఇందులో బయటపడింది. అక్రమాల సమాచారాన్ని పార్లమెంటు సభ్యులకు చేరవేసిన పాల్ వాన్ బ్యూటెనెన్ కమిషన్‌లో ఆడిట్ విభాగపు ఉద్యోగి. ఆయనను సస్పెండ్ చేసి సగం జీతం ఆపారు.

1999 మార్చిలో నివేదిక వెలువడిన వెంటనే జాక్ సాంటేర్ నాయకత్వంలోని కమిషన్ మొత్తం రాజీనామా చేసింది. క్రెసాన్ తన బాధ్యతను ఉల్లంఘించారని ఐరోపా న్యాయస్థానం 2006 జులైలో తీర్పు చెప్పింది గానీ పింఛనులో కోత పెట్టలేదు.

ఈ ఓటును మరీ ఆకాశానికి ఎత్తవలసిన పని కూడా లేదు. చెల్లుచీటీ నిరాకరించినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగిరాదు, ఎవరూ జైలుకు పోరు, సంస్థ బడ్జెట్ దానంతట అది ఆగిపోదు. సభ్యదేశాల మంత్రుల మండలి పద్దులకు 2009 సంవత్సరం నుంచి పార్లమెంటు వరుసగా ఆమోదం నిరాకరిస్తూ వస్తున్నా, మండలి చెక్కుచెదరలేదు. బలవంతుడి మీద ఈ బాణం పనిచేయదనేందుకు అదే దాఖలా. శరణార్థి వ్యవహారాల సంస్థ పద్దును 2018లో, సరిహద్దు రక్షణ సంస్థ ఫ్రాంటెక్స్ 2020 పద్దును 2022లో తిరస్కరించినప్పుడు అక్కడి డైరెక్టర్లు ఓటుకు ముందే తప్పుకున్నారు.

ఇంకొక లోపం ఇంతకంటే లోతైనది. కేటాయించిన సొమ్మును ఎంత శాతం ఖర్చుచేశారన్నది ఈ తీర్మానాల్లో ఏటా మెచ్చుకోలుకు నోచుకునే అంశం. దాదాపు పూర్తిగా ఖర్చుచేసిన సంస్థకు మంచి మార్కులు పడతాయి. ఖర్చు నిబంధనల ప్రకారం జరిగిందా అన్నది ఆడిటర్ చూస్తాడు. నేర్చుకున్నవాడికి పని దొరికిందా అన్నది ఆ లెక్కల్లో అంతగా తేలదు. కాగ్ నివేదికలోని 41 శాతం వంటి అంకె ఐరోపా చెల్లుచీటీలో సాధారణంగా కనిపించదు. ఈ ఒక్క విషయంలో మన ఆడిటర్లే ముందున్నారని చెప్పాలి.

మనవద్ద జరిగేది ఇదీ

మన రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం శాఖల గ్రాంట్ల డిమాండ్లపై లోక్‌సభ ఓటు వేస్తుంది, 114వ అధికరణ కింద ద్రవ్యవినియోగ బిల్లు ఆమోదం పొందుతుంది. వాటిలో చాలా శాఖల డిమాండ్లు చర్చ లేకుండానే చివరిరోజు 'గిలెటిన్' కింద ఒక్క గంటలో గట్టెక్కుతాయన్నది బహిరంగ రహస్యం. ఖర్చు అయ్యాక కాగ్ నివేదికలను 151వ అధికరణ కింద పార్లమెంటు ముందు ఉంచుతారు. అక్కడినుంచి బాధ్యత ప్రజాపద్దుల కమిటీ (పీఏసీ)ది. 1921 నుంచి ఉన్న ఈ కమిటీలో ప్రస్తుత నిబంధనల ప్రకారం లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు సభ్యులు. ఖర్చయ్యాక సభ ఓటు వేసే సందర్భం ఒకే ఒక్కటి ఉంది. మంజూరైన దానికంటే ఎక్కువ ఖర్చు చేసినప్పుడు 115వ అధికరణ కింద ఆ అదనాన్ని క్రమబద్ధం చేయాలి. అంటే గీత దాటినవాడిపై ఓటు ఉంది. గీత లోపలే ఉండి సొమ్మును పాడుచేసినవాడిపై లేదు.

కమిటీ అన్ని నివేదికలనూ పరిశీలించలేదు. కొన్నింటిని ఎంచుకుంటుంది, మిగిలిన పేరాలపై శాఖలు నాలుగు నెలల్లో చర్యల నివేదికలు పంపాలి. పీఏసీ సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడి ఉండాలన్న నియమం లేదు. ఈ అంచెలన్నీ దాటేసరికి ఎంత కాలం పడుతుందో కౌశల్ యోజన నివేదికే చెబుతుంది. 2015 జులైలో మొదలైన పథకంలో 2022 వరకు జరిగిన ఖర్చుపై పనితీరు నివేదిక పార్లమెంటుకు చేరినది 2025 డిసెంబరులో. మొదటి బ్యాచ్‌లో 18 ఏళ్ల వయసులో చేరిన యువకుడికి అప్పటికి 28 ఏళ్లు వచ్చాయి.

లెక్క అడగడానికే వీలులేని సందుగొందులు మరికొన్ని ఉన్నాయి. దేశంలో నైపుణ్య శిక్షణకు ఇరుసుగా నిలిచిన జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎస్‌డీసీ) 2008లో ఏర్పడినప్పుడు అందులో ప్రభుత్వ వాటా 49 శాతం, ప్రైవేటు వాటా 51 శాతం. ఖర్చుచేసే సొమ్ములో అత్యధిక భాగం ప్రజలది. కానీ కంపెనీల చట్టం ప్రకారం కనీసం 51 శాతం ప్రభుత్వ వాటా ఉంటేనే అది ప్రభుత్వ కంపెనీ. కేవలం రెండు శాతం తేడాతో ఒక సంస్థ ప్రభుత్వ కంపెనీల గోడకు అవతలి పక్కన నిలబడింది. సొమ్ము మాత్రం ఇవతలి పక్కనుంచే వెళ్లింది. ఈ సంస్థపై, దాని నిధిపై కాగ్ 2015లో ప్రత్యేక నివేదిక ఇచ్చింది. ఆ తరువాత శారదా ప్రసాద్ నేతృత్వంలో కేంద్రం నియమించిన కమిటీ కూడా ఈ ఏర్పాటును తీవ్రంగా విమర్శించింది. ఐరోపాలో అయితే సంస్థలో వాటా ఎంతన్నది పట్టించుకోరు. సమాఖ్య బడ్జెట్ నుంచి సొమ్ము తీసుకుందా, లేదా అన్నదే చూస్తారు.

సభలో కాక స్టేషన్‌లో

తెలుగు రాష్ట్రాల్లో నైపుణ్య శిక్షణ పద్దు అనగానే అందరికీ గుర్తుకొచ్చేది ఒకే వ్యవహారం. ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ 2014లో ఏర్పడింది. సుమారు 3,300 కోట్ల రూపాయల శిక్షణ కేంద్రాల ప్రాజెక్టులో రాష్ట్ర వాటా పది శాతం, మిగిలిన 90 శాతం ఒక బహుళజాతి సంస్థ వైపు నుంచి సమకూరుతుందన్నది ప్రకటించిన ఏర్పాటు. రాష్ట్ర వాటాగా విడుదలైన 371 కోట్ల రూపాయల్లో అక్రమాలు జరిగాయంటూ సీఐడీ 2021 డిసెంబరులో కేసు నమోదు చేసింది. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడిని అరెస్టు చేసింది. ఆరోపణలను ఆయన ఖండించారు. అదే ఏడాది నవంబరులో హైకోర్టు ఆయనకు బెయిలు మంజూరు చేసింది. 2024 జూన్‌లో ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

కేసులో ఎవరి మాట నిజమన్నది ఇక్కడ చర్చనీయాంశం కాదు. ఒక శిక్షణ సంస్థ ఖర్చుపై ప్రశ్న శాసనసభలో ఏటా లేవవలసింది పోయి, ప్రభుత్వం మారాక పోలీసు స్టేషన్‌లో లేచింది. అక్కడినుంచి జైలుకు, కోర్టులకు, టీవీ చర్చలకు, ఎన్నికల సభలకు వెళ్లింది. మిగిలిన 90 శాతం వచ్చిందా, వస్తే ఏ రూపంలో వచ్చిందన్న సాదాసీదా ప్రశ్నను ఆయా సంవత్సరాల పద్దులపై సభ నిర్ణీత తేదీన అడిగి, ఆమోదమో నిరాకరణో రికార్డు చేసి ఉంటే, తప్పు జరగకపోతే ఆ కాగితమే నిర్దోషిత్వానికి సాక్ష్యం అయ్యేది. జరిగి ఉంటే ఆ ఏడే బయటపడేది. రెండు పక్షాలకూ అది మేలే చేసేది. చెల్లుచీటీ లేని బాకీ ఎప్పుడైనా లేచి కూర్చోవచ్చన్న భయం పాలకులకు కూడా ఉండాలి కదా.

రాష్ట్రాల్లో ఉన్న కొద్దిపాటి ఏర్పాటు కూడా సడలుతోంది. పీఏసీ ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం 1967 నుంచి పార్లమెంటులో పాటిస్తున్న సంప్రదాయం. లెక్క రాసినవాడే లెక్క చూడకూడదన్న సామాన్య న్యాయం అందులో ఉంది. తెలంగాణలో 2024 సెప్టెంబరులో బీఆర్ఎస్ టిక్కెట్టుపై గెలిచి కాంగ్రెస్‌కు చేరువైన అరికెపూడి గాంధీకి ఈ పదవి ఇవ్వడం పెద్ద వివాదమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో వైఎస్సార్ కాంగ్రెస్‌కు సభలో తగిన బలం లేకపోవడం, ఆ పార్టీ ఎన్నికను బహిష్కరించడంతో అధికార కూటమిలోని జనసేనకు చెందిన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు. కారణాలు వేరైనా ఫలితం ఒకటే. ప్రతిపక్షం కూర్చోవలసిన కుర్చీలో ప్రతిపక్షం లేదు.

ఇదంతా రాజధాని గొడవ అని జిల్లాల్లో కొట్టిపారేయడానికి వీలులేదు. కుట్టుశిక్షణో, ఎలక్ట్రీషియన్ కోర్సో, డేటా ఎంట్రీయో నేర్పుతామన్న బోర్డు మండల కేంద్రంలో ఏదో ఒక అద్దె భవనంపై వెలుస్తుంది. బ్యాచ్ పూర్తవుతుంది, ఫొటోలు దిగుతారు, ధ్రువపత్రాలు పంచుతారు. ఆర్నెల్ల తరువాత అదే భవనంలో మొబైల్ దుకాణమో, ఫంక్షన్ హాలో ఉంటుంది. ఒకే ఫొటోను పలువురు అభ్యర్థుల పేరిట వాడిన ఉదంతాలను కాగ్ బిహార్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్‌లలో గుర్తించింది. అభ్యర్థులకు ఈమెయిల్ ద్వారా ప్రశ్నలు పంపి సర్వే చేయబోతే మూడోవంతుకు పైగా మెయిళ్లు అసలు చేరనే లేదు. వచ్చిన కొద్ది జవాబుల్లోనూ ఎక్కువ భాగం ఒకే చిరునామా నుంచో, శిక్షణ ఇచ్చిన సంస్థ చిరునామాల నుంచో వచ్చాయి. విద్యార్థి పరీక్ష పంతులే రాసినట్లు.

శిక్షణకు వెళ్లిన మూడు నెలలూ కూలి పోగొట్టుకున్న యువకుడికి, ఇంట్లో చిన్నపిల్లను అత్తకు అప్పగించి రోజూ బస్సెక్కిన కోడలికి ఈ పద్దులో ఉన్నది ఒక వరుస సంఖ్య మాత్రమే. ఆ వరుస నిజమో కాదో అడిగే హక్కు ఎవరికి ఉందో, ఏ తేదీలోగా అడగాలో ఎక్కడా రాసిలేదు.

రాజ్యాంగాన్ని సవరించేదాకా ఆగవలసిన అవసరం లేకుండానే చేయగలిగినది కొంత ఉంది. 2013 కంపెనీల చట్టం 395వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కంపెనీల వార్షిక నివేదికను ఆడిట్ నివేదికతో, కాగ్ వ్యాఖ్యలతో కలిపి శాసనసభ ముందు ఉంచాలి. కంపెనీ వార్షిక సమావేశం జరిగిన మూడు నెలల్లో నివేదిక సిద్ధం కావాలని అదే సెక్షన్ చెబుతోంది. బల్లపై పెట్టిన ఆ కాగితంపై ఒక్క పూట చర్చ జరిపి, సంస్థ మేనేజింగ్ డైరెక్టర్‌ను కమిటీ ముందుకు పిలిచి, చివరన సభ్యుల చేతులెత్తించి లెక్క రాసుకునేందుకు శాసనసభ తన నిబంధనల్లోనే ఏర్పాటు చేసుకోవచ్చు. నైపుణ్య సంస్థ వార్షిక నివేదికలు ఏయే సంవత్సరాలవి, ఏ తేదీల్లో సభ ముందుకు వచ్చాయో తెలపాలని వచ్చే సమావేశాల్లో ఏ జిల్లా ఎమ్మెల్యే అయినా ఒక ప్రశ్న వేయవచ్చు. దానికి నోటీసు ఇస్తే చాలు.